జూలై వానలో మున్నార్: పొదకప్పల కోసం మూడు రాత్రులు

మున్నార్‌కు చాలామంది ఎండ కాసే రోజులు చూసుకుని వెళ్తారు. నేనూ మా చెల్లెలూ జూలైలో వెళ్లాం, కప్పల కోసం. ఆలువాలో రైలు దిగి, దాదాపు 110 కిలోమీటర్లు బస్సులో వెళ్లాం. వానకు అయిదు గంటలు పట్టింది.

మొదటి రాత్రి ఊరి నడుమ ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లూ వచ్చాయి. కానీ తెల్లవార్లూ జనరేటర్ హోరు, వరండా నిండా దీపాలు. కప్పలు చూపిస్తానని ఫోనులో మాట ఇచ్చిన గైడు, తీరా వచ్చాక వ్యూపాయింట్లు తిప్పుతానన్నాడు. మర్నాడే తేయాకు తోటకూ షోలా అడవికీ (కొండ లోయల్లో పెరిగే పొట్టి చెట్ల దట్టమైన అడవి) నడుమ ఉన్న చిన్న హోమ్‌స్టేకి మారిపోయాం. గోడలకు చెమ్మ, దుప్పట్లు ఆరనే లేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఎనిమిదింటికల్లా ఇంటావిడ బయటి దీపాలన్నీ ఆర్పేశారు. కాసేపటికే పొదల్లో టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది.

"అక్కా, కీచురాళ్లేమో" అంది చెల్లెలు. ఇంటావిడ కొడుకు టార్చి వెలుతురు నేల మీదికి దించి, దారి పక్కనే ఒక ఆకు చూపించాడు. రెండు సెంటీమీటర్లు ఉంటుందేమో, మగ పొదకప్ప. గొంతు కింది సంచి దాని తలకంటే పెద్ద బుడగలా ఉబ్బింది. ఇంత చిన్న ప్రాణి కొండంతా వినిపించేలా పిలుస్తుంటే ఇద్దరం వానలో కదలకుండా నిలబడిపోయాం. వీటికి చెరువుతో పని లేదు. తోకకప్ప దశ గుడ్డులోనే గడిచిపోయి, బుల్లి కప్పే బయటికి వస్తుంది. అందుకే వీటికి గాలిలో తేమే ప్రాణాధారం. దోమల మందు రాసుకున్న చేతులతో వాటిని ముట్టుకోవద్దని ఆ అబ్బాయి ముందే చెప్పాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నమ్మకం కుదిరింది.

మూడో రోజు ఎరవికులం జాతీయ ఉద్యానవనానికి వెళ్లాం. 97 చదరపు కిలోమీటర్ల అడవిలో సందర్శకులు చూడగలిగేది రాజమల వైపు కొంత మేరే. అటవీశాఖ బస్సు కోసం వరుసలో చాలాసేపు నిలబడాలి. వరయాళ్లు, అంటే నీలగిరి కొండమేకలు, మాత్రం చేయి చాచితే అందేంత దగ్గరగా మేస్తాయి. అవి ఈనే కాలమని మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు.

అక్కడికి పైనే 2,695 మీటర్ల ఆనముడి. 2010లో శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేసిన ఎర్రని నారింజరంగు పొదకప్ప, రావోర్కెస్టిస్ రెస్‌ప్లెండెన్స్, ఆ శిఖరం చుట్టుపక్కల గడ్డి దుబ్బుల్లోనే బతుకుతుంది. పేరులోని 'రావు' మన దేశంలో కప్పల మీద పరిశోధించిన సి.ఆర్. నారాయణరావు గారే. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతి అది. కింద వేడి పెరిగితే మిగతా జీవులు ఇంకాస్త పైకి పోవచ్చు. దీనికి పైన ఇంకా కొండ లేదు. శిఖరం మీదికి సందర్శకులను వెళ్లనివ్వరు. అది నాకు చాలా సబబనిపించింది.

మధ్యాహ్నం రెండు నిమిషాలు మబ్బు విడిచింది. నల్లని బండ, తడిసిన గడ్డి కనిపించాయి. చెల్లెలు ఫోను తీయకుండా అటే చూస్తూ ఉండిపోయింది.