లిస్బన్‌లో నాలుగు రోజులు: 1755 భూకంపం ఆనవాళ్ళ వెంట

1755 నవంబర్ 1, ఉదయం 9:40 ప్రాంతంలో పోర్చుగల్ రాజధాని లిస్బన్ కంపించింది. ఆ రోజు ఆల్ సెయింట్స్ పండుగ. జనం చర్చిల్లో ఉన్నారు, కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. భవనాలు కూలాయి, కాసేపటికి తేజో నది మీదుగా సునామీ వచ్చింది, ఆ తర్వాత మంటలు రోజుల తరబడి ఆరలేదు. చనిపోయినవాళ్ళు 30 వేల నుంచి 50 వేల దాకా ఉంటారని చాలామంది అంచనా. "ఆ ఊరు మళ్ళీ ఎలా లేచిందో ఒకసారి చూడాలిరా" అని నాన్న ఎన్నాళ్ళుగానో అంటున్నారు. ఆయన కోసమే ఈ నాలుగు రోజులు.

ముందు బస సంగతి. భూకంపం తర్వాత పూర్తిగా కొత్తగా కట్టిన పేట బైషా. అక్కడే ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. తీరా చూస్తే గది నాలుగో అంతస్తులో, లిఫ్ట్ లేదు. బుక్ చేసేటప్పుడు ఆ మాట ఎక్కడా కనిపించలేదు. నాన్న మోకాళ్ళతో ఆ ఇరుకు మెట్లు చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది. గట్టిగా అడిగితే మర్నాడు మొదటి అంతస్తులో గది ఇచ్చారు, అదనంగా డబ్బు అడగలేదు. గది శుభ్రం, రాత్రి వీధి సందడి ఎక్కువ. మళ్ళీ వెళ్ళినా బైషాలోనే ఉంటాను, ఎందుకంటే అక్కడ నేల చదును. అల్ఫామా అనే పాత పేట చాలా అందంగా ఉంటుంది గానీ, పెద్దవాళ్ళతో ఆ ఎత్తుపల్లాల్లో రోజూ తిరగడం కష్టం. ఎయిర్‌పోర్ట్‌లో ఎర్ర లైన్ మెట్రో ఎక్కి అలమేడాలో ఆకుపచ్చ లైన్‌కి మారితే నేరుగా బైషాకి వచ్చేయొచ్చు.

మొదట కార్మో మఠానికి వెళ్ళాం. పైకప్పు లేని చర్చి, ఆకాశం కింద నిలబడ్డ రాతి కమానులు. భూకంపం మిగిల్చిన శిథిలమే అనుకుని లోపలికి అడుగుపెట్టాను. ఆ స్తంభాల్లో, కమానుల్లో చాలా భాగం భూకంపం తర్వాత కట్టినవేనట! 1756లో తిరిగి కట్టడం మొదలుపెట్టారు, 1834లో దేశంలో మఠాలను రద్దు చేయడంతో పని ఆగిపోయింది. అంటే మనం చూసేది కూలిన చర్చి మాత్రమే కాదు, సగంలో ఆగిన పునర్నిర్మాణం కూడా. అక్కడున్న బల్ల మీద నాన్న చాలాసేపు కూర్చున్నారు. పక్కనే ఉన్న శాంటా జుస్టా లిఫ్ట్‌కి పొడవాటి క్యూ ఉంది, దాన్ని వదిలేశాం. బైషా మెట్రో స్టేషన్‌లోని ఎస్కలేటర్ల మీద, ఎత్తున ఉన్న షియాడు పేట వైపు పైకి వచ్చేస్తే కార్మోకి నడక కొద్దిదూరమే.

నా మట్టుకు నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైన గంట రువా దోస్ కొర్రెయిరోస్‌లో గడిచింది. అక్కడ ఒక బ్యాంకు భవనం కింద తవ్వకాల స్థలం ఉంది. గైడ్ వెంటే వెళ్ళాలి, ముందే పేరు రాయించుకోవాలి, టికెట్ లేదు. కిందికి దిగితే రోమన్ల కాలంలో చేపలు ఉప్పులో ఊరబెట్టిన తొట్లు, వాటికి కొంచెం దూరంలో భూకంపం తర్వాత దిగగొట్టిన పైన్ దుంగలు కనిపిస్తాయి. బైషా నేల మెత్తటి ఒండ్రు. అందుకే దుంగలు పాతి, వాటిమీద పునాదులు లేపారు. నీటిలో నానుతూ ఉన్నంతకాలం ఆ చెక్క పుచ్చదు. పైన గోడల్లోపల గయోలా, అంటే పంజరం: నిలువు గుంజలు, అడ్డ దూలాలు, మధ్యలో ఇంటూ గుర్తులా బిగించిన కర్రలు. రాయి రాలినా చట్రం నిలబడాలని ఆ ఏర్పాటు. మంట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకుండా మధ్య గోడల్ని కప్పు కన్నా పైకి లేపారు. మా గైడ్ చిన్న వయసు అమ్మాయి, నాన్న అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓపికగా జవాబు చెప్పింది.

ఈ పనికి ప్రణాళికలు వేసిన ప్రధాన ఇంజనీర్ మనువెల్ ద మయాకి అప్పటికి 78 ఏళ్ళు. ఉన్నది ఉన్నట్టు కట్టడం, వీధులు వెడల్పు చేయడం, మొత్తం పడగొట్టి కొత్తగా కట్టడం, ఊరినే పడమటనున్న బెలెం వైపు తరలించడం, ఇలా దారులన్నీ రాసి ముందు పెట్టాడు. "ఈ వయసులో ఎంత పని చేశాడ్రా" అని నాన్న రెండు మూడుసార్లు అన్నారు.

మంత్రి పొంబాల్ విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. శవాలను పడవల్లో తీసుకెళ్ళి సముద్రంలో వదిలించాడు, తిండి ధరలు పెరగకుండా చూశాడు. భూకంపం ఎంతసేపు వచ్చింది, సముద్రం ముందు పొంగిందా తగ్గిందా అని ప్రతి చర్చి పరిధికీ ప్రశ్నపత్రం పంపించాడు. దాన్ని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అయితే అదే మనిషి దొంగల కోసం ఊళ్ళో ఉరికొయ్యలు నాటించాడు. ఇది దేవుడి శిక్ష అని ప్రచారం చేసిన మలగ్రిడా అనే వృద్ధ పాదిరీ మీద కక్షగట్టాడు, 1761లో ఆయనకు మరణశిక్ష పడింది. అంత కష్టకాలంలో కఠినంగా ఉండక తప్పదని నాన్న అంటారు. నేను ఒప్పుకోలేకపోయాను.

బెలెంలో భూకంపాన్ని అనుభవంలోకి తెచ్చే కొత్త మ్యూజియం ఉంది. పిల్లలకి బాగా నచ్చుతుంది, నడుంనొప్పి ఉన్నవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. 28వ నంబర్ ట్రామ్‌లో రద్దీ విపరీతం, జేబులు జాగ్రత్త.

రొసియో కూడలి పక్కన సావ్ దోమింగోస్ చర్చిని మాత్రం వదలొద్దు. 1531లోనూ 1755లోనూ భూకంపాలకు దెబ్బతింది, 1959లో కాలిపోయింది. 1994లో మళ్ళీ తెరిచినప్పుడు పగిలిన స్తంభాలను నున్నగా చేయకుండా అలాగే ఉంచారు. రాతి మీద వేళ్ళు పెడితే గరుకుగా పెళుసుబారి ఉంది.

చివరి రోజు టైల్స్ మ్యూజియంలో దాదాపు 23 మీటర్ల పొడవున్న నీలిరంగు చిత్రం చూశాం. భూకంపానికి అర్ధశతాబ్దం ముందటి లిస్బన్ అది. అందులో నదీతీరాన రాజభవనం కనిపించింది. దాని ముందున్న మైదానమే ఇప్పటి ప్రాసా దో కొమేర్సియు. ముందురోజు సాయంత్రం మేమిద్దరం అక్కడే మెట్ల మీద కూర్చుని నదిలోకి చూస్తూ గడిపాం. నాన్న అద్దాలు తుడుచుకుని, ఆ మైదానంలో గీసిన చిన్న చిన్న మనుషులను ఒక్కొక్కరినే చూడడం మొదలుపెట్టారు.