విలువ లేని వేరియబుల్‌ని పట్టించడంలో జీసీసీ, క్లాంగ్: ఏది మేలు?

జీసీసీ, క్లాంగ్ రెండూ సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్లు. సీ నేర్చుకునేవాళ్లు రాసే కరెంటు బిల్లు ప్రోగ్రామే తీసుకోండి. పైన ‘ఇంట్ రేట్;’ అని, విలువ ఇవ్వకుండా ఊరికే డిక్లేర్ చేశారు. యూనిట్లు 100 లోపైతే రేట్ 2, 200 లోపైతే 3. ఏ షరతూ కుదరనప్పుడు నడిచే ‘ఎల్స్’ చివర మర్చిపోయారు. 250 యూనిట్లు ఇచ్చారో, మెమరీలో అంతకుముందు మిగిలిన చెత్త విలువే బిల్లులోకి రావచ్చు. మీ మెషీన్‌లో అది సున్నాగా కనబడి, ఇంకోచోట లక్షల్లో ఉండొచ్చు.

జీసీసీకి ‘-వాల్’ (మామూలు వార్నింగ్‌లు చూపించమనే ఆప్షన్) ఒక్కటే ఇస్తే దీని మీద నోరు మెదపదు. ఇది చాలామందిని ముంచే లోపం. ఏ దారిలో వస్తే వేరియబుల్‌కి విలువ ఉందో, ఏ దారిలో లేదో అది ఆప్టిమైజేషన్ (ప్రోగ్రామ్ వేగంగా నడిచేలా మెరుగుపరచడం) చేసేటప్పుడే లెక్కగడుతుంది. అందుకే ఆప్టిమైజేషన్ చేయమనే ‘-ఓ2’ కూడా చేర్చి ‘-వాల్ -ఓ2’ కలిపి ఇవ్వాలి. అప్పుడు ‘మే బీ యూజ్డ్ అన్‌ఇనిషియలైజ్డ్’ (విలువ ఇవ్వకుండానే వాడి ఉండొచ్చు) అంటూ వాడిన లైను, డిక్లేర్ చేసిన లైను చూపిస్తుంది. అసలు తప్పు ఆ రెంటి మధ్య ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి.

క్లాంగ్‌కి ‘-వాల్’ చాలు, ఆప్టిమైజేషన్‌తో పనిలేదు. బాణం గుర్తు నేరుగా రెండో ‘ఇఫ్’ షరతు కింద పెట్టి, ఈ షరతు తప్పైనప్పుడల్లా రేట్ విలువ లేకుండానే వాడుతున్నారని చెబుతుంది. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి మెసేజ్ లేదు. నా ఓటు దీనికే.

ఒక్క విషయంలో మాత్రం క్లాంగ్ మాట వినకండి. వార్నింగ్ కింద, ఇది పోవాలంటే ‘= 0’ పెట్టమని సూచిస్తుంది. పెడితే వార్నింగ్ పోతుంది, 250 యూనిట్లకి బిల్లు సున్నా వస్తుంది. తప్పు అక్కడే ఉంటుంది, చెప్పే నాథుడే ఉండడు. ‘ఎల్స్’ రాసి 200 దాటినవాళ్ల రేటు ఇవ్వడమే అసలు మందు.

యూజర్ టైప్ చేసింది చదివే ‘స్కాన్ఎఫ్’ ఫంక్షన్ దగ్గర రెండు కంపైలర్లూ ఒకటే. వేరియబుల్ అడ్రస్ ఫంక్షన్‌కి పంపగానే, విలువ అదే నింపుతుందిలే అని ఊరుకుంటాయి. యూజర్ అంకె బదులు అక్షరం కొడితే ఏమీ నిండదు. కాబట్టి ‘స్కాన్ఎఫ్’ తిరిగిచ్చే అంకె 1 అవునో కాదో చూసుకోవాలి. అప్పటికీ అనుమానం ఉంటే ‘-జీ’ (లైను నంబర్ల లాంటి డీబగ్ వివరాలు చేర్చే ఆప్షన్) పెట్టి కంపైల్ చేసి, ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌ అనే టూల్‌ని ‘--ట్రాక్-ఆరిజిన్స్=యెస్’తో నడపండి. నెమ్మదిగా నడుస్తుంది గానీ, ఆ చెత్త విలువ ఏ ఫంక్షన్‌లో పుట్టిందో చూపిస్తుంది.