బోరు నీళ్ళ ఊళ్ళో వంటింటి హెయిర్ మాస్కులు: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

నాది రింగుల జుట్టు. ఇంతవరకు రంగు వేయలేదు, స్ట్రెయిటెనింగ్ చేయించలేదు. తడిగా ఉన్నప్పుడు నడుము దాకా వస్తుంది, ఆరితే భుజాల దగ్గరికి ముడుచుకుపోతుంది. దీపావళి నుంచి ఉగాది దాకా దాదాపు ప్రతి ఆదివారం వంటింట్లో ఉన్నవాటితోనే ఏదో ఒక మాస్కు వేసుకుని చూశాను. మా అనంతపురంలో లాగా బోరు నీళ్ళతో తలకు పోసుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా, ఎందుకంటే వీడియోల్లో చూపించేవాళ్ళ నీళ్ళు వేరు, మన నీళ్ళు వేరు.

మా జిల్లా నీళ్ళంటే అందరూ ఫ్లోరైడ్ గురించే మాట్లాడతారు. జుట్టుకు మాత్రం అసలు బాధ కాల్షియం, మెగ్నీషియం. మా బాత్రూమ్ బకెట్ లోపలంతా తెల్లగా గార కట్టి ఉంటుంది, గోటితో గీరితే పొడి రాలుతుంది. అదే జుట్టు మీదా పేరుకుంటుంది, పట్టుకుంటే గరుకుగా, పీచులాగా అనిపిస్తుంది. అందుకే మాస్కు ఎంత మంచిదన్నది నేను రెండోది చూస్తాను. మొదట చూసేది, ఈ నీళ్ళతో అది పూర్తిగా కడుక్కుపోతుందా లేదా అన్నది.

ఆ పరీక్షలో మొదటే తప్పింది అరటిపండు. బాగా మాగిన పండ్లు రెండు, చెంచా కొబ్బరి నూనె, స్పూనుతో మెదిపి పట్టించి అరగంట ఉంచాను. కడిగేటప్పుడు పోయిందనే అనుకున్నా. ఆరాక చూస్తే రింగు రింగులోనూ గోధుమ రంగు ముక్కలు, ఎండి వెంట్రుకలకు అతుక్కుపోయి ఉన్నాయి. దువ్వెన పెడితే జుట్టు తెగుతోంది. అమ్మ వసారాలో నన్ను ముందు కూర్చోబెట్టుకుని, పాయ పాయ విడదీసి, గంటన్నర పాటు ఒక్కొక్క ముక్కా లాగింది. "తినేదాన్ని నెత్తికి పూసుకుంటారా పాపా" అని ఆమె బాధ. మిక్సీలో వేసి, వడగట్టి వాడితే ముక్కలు రావంటారు. నేను మళ్ళీ ప్రయత్నించలేదు, రింగుల జుట్టు వాళ్ళెవరికీ చెప్పను కూడా.

నాకు నిజంగా నచ్చింది మెంతులు, పెరుగు. మూడు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టాలి. పొద్దున అవి ఉబ్బి, నీళ్ళు కాస్త జారుడుగా ఉంటాయి, ఆ నీళ్ళు పారబోయకండి, వాటితోనే మెత్తగా రుబ్బాలి. ఎంత రుబ్బినా పొట్టు నలుసులు మిగులుతాయి కాబట్టి పాత నూలు పంచె ముక్కలో వేసి పిండాలి, ఈ పని విసుగే కానీ ఇది మానేస్తే అరటిపండు కథే మళ్ళీ. పిండితే తీగలాగా సాగుతూ చిక్కటి జిగురు వస్తుంది. దానిలో నాలుగు చెంచాల కమ్మటి పెరుగు కలిపి, తడి జుట్టుకు చివర్ల నుంచి పైకి పట్టించి నలభై నిమిషాలు ఉంచుతాను. ఆ జిగురు వెంట్రుక మీద పొరలాగా పట్టుకుంటుంది, కడిగేటప్పుడే చిక్కులు వేళ్ళ మధ్య నుంచి జారిపోతాయి. నాకు దువ్వెనలో వచ్చే వెంట్రుకలు కంటికి కనిపించేంత తగ్గాయి, అంటే తెగడం తగ్గింది, కొత్తగా మొలిచాయని చెప్పను. ఒకటే ఇబ్బంది, వాసన. రెండు రోజులు ఉంటుంది, మన ఎండలకు చెమట పడితే దిండుకు కూడా అంటుతుంది.

కోడిగుడ్డు రెండుసార్లు చాలు అనిపించింది. గుడ్డులోని ప్రోటీన్ అణువులు పెద్దవి, వెంట్రుక లోపలికి పోవు, పైన పూతలాగా ఉంటాయి అంతే. నా జుట్టు బిరుసెక్కింది, నీచు వాసన పోవడానికి మూడుసార్లు కడిగాను. ఉల్లిపాయ రసం కర్నూలులో ఉన్న మా అత్త చెప్పింది, వాళ్ళకు ఉల్లికి కొదవ లేదు. పేనుకొరుకుడు ఉన్నవాళ్ళలో కొందరికి ఉల్లి రసంతో జుట్టు తిరిగి వచ్చిందని 2002లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. మామూలుగా జుట్టు రాలేవాళ్ళకు అదే జరుగుతుందని దాన్నిబట్టి చెప్పలేం. నాకైతే మాడు మండింది, మానేశాను. నిమ్మరసం, వంటసోడా మాత్రం దయచేసి పెట్టుకోకండి, ఒకటి మరీ పులుపు, ఇంకొకటి క్షారం, మాడుకు రెండూ సరిపడవు.

అవిసె గింజల జెల్ మాస్కు కాదు, కానీ రింగులకు దీనికి మించింది నేను చూడలేదు. రెండు చెంచాల గింజలు, గ్లాసున్నర నీళ్ళు, సన్న మంట మీద కలుపుతూ ఉడికించి, గరిటె నుంచి తీగ సాగగానే దించి వేడిమీదే వడగట్టాలి. చల్లారితే జాలీలోంచి ఒక్క చుక్క దిగదు. తడి జుట్టుకు రాసి చేత్తో పైకి నలిపి వదిలేస్తే, ఆరాక రింగులు విడివిడిగా నిలుస్తాయి. ఎక్కువ రాస్తే చుండ్రులాగా పొలుసులు రాలతాయి, అరచెంచాతో మొదలుపెట్టండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది.

ఇన్ని వేసుకున్నాక కూడా జుట్టులో గరుకుతనం కొంత మిగిలే ఉండేది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం బోరు మొరాయించి బకెట్ సగంలోనే ఆగిపోతే, ఆఖరి రెండు మగ్గులు వంటింట్లో ఉన్న మినరల్ వాటర్ (పేరుకే మినరల్, కాల్షియం లాంటివి చాలావరకు తీసేసిన నీళ్ళు) క్యాన్‌లోంచి పోసుకున్నాను. ఆ రోజు ఆరిన జుట్టు తేడా చేత్తో పట్టుకుంటేనే తెలిసింది, మెంతుల తర్వాత కూడా అంత మెత్తగా ఎప్పుడూ లేదు. అప్పటి నుంచి కుంకుడుకాయతో కడిగి (సబ్బులాగా ఈ నీళ్ళలో తెట్టు కట్టదు), మామూలు బోరు నీళ్ళే పోసుకుని, చివర్లో మాత్రం మూడు లీటర్లు క్యాన్ నీళ్ళు. ఇరవై లీటర్ల క్యాన్‌లో అది పెద్ద ఖర్చు కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే రెండు చెంబుల్లో పట్టి పక్కన పెడుతున్నా, ఒకటి నాకు, ఒకటి మా చెల్లికి.