బన్నీ పచ్చికబయలులో రెండు రాత్రులు: ఒక పల్లె బస గురించి

గుజరాత్‌లోని కచ్ జిల్లాలో, భుజ్‌కు ఉత్తరాన పెద్ద రణ్ అనే ఉప్పు ఎడారి అంచు దాకా పరచుకున్న బన్నీ పచ్చికబయలును చూడాలని వెళ్లి, హోడ్కా వైపు పశువుల మీద బతికే ఒక మాల్ధారీ కుటుంబం నడిపే బసలో జనవరిలో రెండు రాత్రులు ఉన్నాము. తెల్లటి ఉప్పు ఎడారిలో ఫొటోలు దిగి వస్తే చాలనుకునేవారికి ధోర్డో గుడారాలు ఉన్నాయి. ఈ సమీక్ష వారికి పెద్దగా ఉపయోగపడదు.

గది అంటే మట్టిగోడల గుండ్రటి ఇల్లు. అక్కడివారు భుంగా అంటారు. మన కోస్తా చుట్టిల్లు ఎరిగినవారికి అది కొత్తగా తోచదు. 2001 జనవరి 26 నాటి భూకంపానికి కచ్‌లో ఎన్నో రాతి కట్టడాలు కూలిపోయినా ఇలాంటి ఇళ్లు చాలావరకు నిలిచాయి. పడక శుభ్రంగా ఉంది. స్నానపు నీళ్లు కాస్త ఉప్పగానే ఉన్నాయి గానీ, నేలే ఉప్పునేల అయినచోట దానికి వారిని తప్పుపట్టలేము. సజ్జరొట్టె మీద వేసిన వెన్నముద్ద గురించి వేరే చెప్పనక్కరలేదు.

అసలు చూడవలసింది తెల్లవారుజామున ఉంది. బన్నీ గేదెలు రాత్రిపూట మేస్తాయి: సాయంత్రం పాలు పితికాక మంద చీకట్లో పచ్చికలోకి వెళ్లి, తెల్లవారేసరికి తనంతట తానే దొడ్డికి తిరిగివస్తుంది. ఇంటి పెద్దాయన మమ్మల్ని లేపి దొడ్డి దగ్గర నిలబెట్టాడు. ముందు మంచులో గిట్టల చప్పుడు, తర్వాత రెండు చుట్లు మెలితిరిగిన కొమ్ములు, చివరికి ఆవిర్లు కక్కుతున్న నల్లటి ముట్టెలు. 2010లో బన్నీ గేదెను దేశంలో 11వ గేదె జాతిగా గుర్తించారని కొడుకు హిందీలో చెప్పాడు. పెద్దాయనకు మాత్రం కచ్చీ తప్ప మరో భాష రాదు.

చరిత్ర వారు చెప్పినంత బాగా ఏ గైడూ చెప్పలేడు. దక్షిణాన ఉన్న కచ్ ఎత్తుల నుంచి ఉత్తరానికి పారే వాగులు తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన ఈ నేలను 1955లో రక్షిత అడవిగా ప్రకటించారు. రణ్ ఉప్పు ముందుకు రాకుండా అడ్డుకోవడానికని 1961 ప్రాంతంలో అటవీశాఖ విదేశీ తుమ్మను నాటించింది. పశువులు కాయలు తిని పేడలో గింజలు వదలడంతో అది పచ్చికను మింగుతూ పోయింది. వారు దానిని ‘గాండో బావళ్’, అంటే పిచ్చితుమ్మ, అంటారు. మా ఊళ్లో సర్కారు తుమ్మ అంటామని చెప్పగానే కొడుకు తండ్రికి వివరించాడు. ఆయన చాలాసేపు నవ్వి, ఆ పేరే సరిగ్గా ఉందన్నాడు.

లోపమంతా బుకింగ్ కుదిర్చిన ఏజెంటుది. పచ్చికలో నడక కూడా ధరలోనే ఉందని ఫోనులో చెప్పి, మొదటిరోజంతా ఉప్పు ఎడారికీ, ఎంబ్రాయిడరీ దుకాణాలకీ తిప్పి, నడక అడిగితే జీపుకు విడిగా డబ్బు కట్టమన్నాడు. కట్టలేదు, పెద్దాయనే రెండోరోజు మమ్మల్ని నడిపించుకుని వెళ్లాడు, రూపాయి తీసుకోలేదు.

వెళ్లేవారు ఏజెంటును వదిలి నేరుగా కుటుంబంతో మాట్లాడుకోవడం, మందపాటి శాలువ తీసుకెళ్లడం మేలు. తిరుగు దారిలో భీరండియారా దగ్గర ఆగి కోవా కొనండి; పొద్దున మీరు చూసిన పాలలాంటి పాలతోనే అది తయారవుతుంది.