రాయబారం డ్రెస్సులకి వన్‌టౌన్ వెళ్తే

మాది పద్మనాభం వైపు పల్లె. కనుమ నాడు రాత్రి రామాలయం ముందు కృష్ణ రాయబారం పద్యనాటకం ఆడటం మా ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నదే. వేషాలు కట్టేది ఊరివాళ్లమే. కృష్ణుడు బడిపంతులు, అర్జునుడు ఆటో తోలతాడు, భీముడికి కిరాణా కొట్టు, కర్ణుడు గాజువాక వైపు షిఫ్టు డ్యూటీలు చేసుకుంటూ పండక్కి సెలవు పెట్టుకుని వస్తాడు. నేను పాల కేంద్రంలో లెక్కలు రాస్తాను, కనుమ రాత్రి మాత్రం దుర్యోధనుణ్ణి. ద్రౌపదిని ఒక్కరినే బయటనుంచి పిలుస్తాం. ఆవిడ చీర, నగలు, మేకప్ పెట్టె అన్నీ ఆవిడే తెచ్చుకుంటారు. మిగతా పది వేషాలకీ డ్రెస్సులు తెచ్చే పని ఏటా నా నెత్తినే పడుతుంది. లెక్కలు రాసేవాడి చేతిలో డబ్బు పెడితే ఎక్కడికీ పోదని మావాళ్ల ధీమా.

ఇదివరకు విజయనగరంలో ఒకాయన దగ్గర తెచ్చేవాళ్లం. ఆయన పోయాక కొడుకు ఆ గదిలోనే పెళ్లికొడుకుల షేర్వాణీలు అద్దెకిచ్చుకుంటున్నాడు. అంచేత మొన్నటి పండక్కి విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక షాపుకి వెళ్లాను. పేరు రాయను. మెచ్చుకోవాల్సింది ఎంత ఉందో తిట్టాల్సింది కూడా అంతే ఉంది.

కింద అంతా స్కూలు పిల్లల ఫ్యాన్సీ డ్రెస్సులు. అల్లూరి సీతారామరాజులు, భరతమాతలు, ఒక మూల స్పాంజితో చేసిన వంకాయ, టమాటా. షాపు నడిచేది వాటిమీదేనని ఓనరే చెప్పాడు. ఆగస్టు 15, కృష్ణాష్టమి, స్కూలు వార్షికోత్సవాలు వస్తే చేతులు ఖాళీ ఉండవట. నాటకం సామాను మేడ మీద. ఇనప మెట్లు, తల వంచుకుని ఎక్కాలి. పైన డెబ్బై దాటిన తాత ఒకాయన కూర్చుని విగ్గు దువ్వుతున్నాడు. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "దుర్యోధనుడివా బాబూ?" అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగితే, "ఆ పొట్టకి ఇంకేటి వేషం ఇస్తారు?" అన్నాడు.

ఆ ఒక్క మాటకే నేను లేచి వచ్చేయాలి. కానీ ఆ తర్వాత ఆయన చేసింది ఏ షాపులోనూ చూడలేదు. కిరీటం నా తలమీద పెట్టి, పద్యం ఎత్తమన్నాడు. ఎక్కడ, ఇక్కడా అన్నాను. ఇక్కడే అన్నాడు. సరే, గొంతు సవరించుకుని ఒక పద్యం అందుకున్నాను. రాగం పైకి వెళ్లేసరికి నా తల వెనక్కి వాలింది, కిరీటం జారి మెడమీద పడింది. "చూసినావా, అందుకే పాడించినాను," అంటూ కిరీటం తిరగేశాడు. పైకి బంగారు కాగితం, పూసలు, అద్దం ముక్కలు. లోపల మాత్రం మాసిపోయిన గుడ్డ పట్టీ, ఎవరెవరి చెమటో ఇంకిన మరకలు, దాని మీద బాల్‌పెన్నుతో "దు" అని అక్షరం. ఆ పట్టీలోకి ఇంకో మడత గుడ్డ దూర్చి, రెండు వైపులా నాడా కుట్టి, దాన్ని విగ్గు కిందనుంచి తీసుకెళ్లి మెడ వెనక ముడి వేయాలని చూపించాడు. మళ్లీ పాడించాడు. ఈసారి కదల్లేదు. తిరుపతి వెంకట కవుల పద్యాలు కంఠతా వస్తే సరిపోదు, కిరీటంతో పాడి చూసుకోవాలన్న సంగతి పదిహేనేళ్లుగా వేషం కడుతున్న నాకు ఆ రోజే తెలిసింది.

తాత వయసులో ఉండగా నాటకాలకి మేకప్ చేసేవాడట. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి చూశానని చెబుతూ విగ్గు పక్కన పెట్టేశాడు. మా ఉత్తరాంధ్రలో ఏ ఊరి కృష్ణుడికైనా ఇదే చిక్కు. ఎంత బాగా పాడినా ముందు వరసలో ఒక పెద్దాయన "పీసపాటి వారిలా లేదు" అననే అంటాడు. మా పంతులు పాపం దీనికి అలవాటు పడిపోయాడు.

అద్దెలు చెబుతాను. కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడి సెట్లు ఒక్కొక్కటి 700, మిగతావి 500. సెట్టు అంటే కిరీటం, విగ్గు, భుజకీర్తులు, హారాలు, వడ్డాణం, పైబట్ట, కింది బట్ట. గదకి వేరే 100. దర్బారు సీను తెర 800. డిపాజిట్ 3000. రెండు రాత్రులు ఉంచుకోవచ్చు, దాటితే రోజుకి సగం అద్దె. ఇందులో నాకు ఎక్కువ అనిపించింది తెర ఒక్కటే. స్తంభాల దగ్గర రంగు రాలిపోయి, సింహాసనం వెనక అతుకు కనబడుతోంది. కుర్రాళ్లు ఎల్ఈడీ స్క్రీన్ పెడదామంటున్నారు. దాని ముందు నిలబడితే నేను కనపడను, వెనకాల నీళ్లు పారుతుంటాయి.

బట్టలు శుభ్రంగానే ఉన్నాయి, ఉతికి ఇస్త్రీ చేసినవే. మీసాలు అంటించే గమ్ము కొత్త సీసా ఇచ్చారు. ఇక్కడివరకు బాగుంది.

పెట్టెలు సర్దింది మాత్రం తాత కాదు, కింద పనిచేసే కుర్రాడు. రెండు ట్రంకు పెట్టెలు, గోనెసంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన గద, కాంప్లెక్స్‌లో తగరపువలస బస్సు ఎక్కేసరికి నాకు ప్రాణం పోయింది. తెరిచి లెక్కపెట్టుకోలేదు. తప్పు నాదే అనుకోండి. కనుమ రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టెలు తెరిస్తే భీష్ముడివి రెండు సెట్లు ఉన్నాయి. రెండు తెల్ల విగ్గులు, రెండు తెల్ల గడ్డాలు. భీముడిది లేదు. లోపల చూస్తే రెంటి మీదా "భీ" అనే రాసి ఉంది.

భీముడికి పడక సీను, అంటే పడుకున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగటానికి వచ్చే సీను, అయ్యాకే ప్రవేశం. అంటే గంట టైముంది. వాడి కొట్టు తీయించి మూడు డబ్బాలు నల్ల బూట్ పాలిష్ పట్టుకొచ్చి, ఒక తెల్ల విగ్గుకి ఇద్దరు కుర్రాళ్లు బ్రష్షుతో పట్టించారు. గడ్డం వదిలేసి కాటుకతో మీసం దిద్దాం. దూరానికి బాగానే కనబడ్డాడు. పక్కన నిలబడ్డ ధర్మరాజుకి ఆ వాసనకి తుమ్ములు ఆగలేదు. పద్యం మధ్యలో చెమట పట్టి, భీముడి నుదుటి మీదనుంచి రెండు నల్లటి చారలు ముక్కుదాకా దిగాయి. జనం అది కోపానికి వేసిన మేకప్ అనుకుని వన్స్‌మోర్ కొట్టారు. మళ్లీ పాడాడు.

వెనక్కి ఇచ్చేటప్పుడు గొడవ. తెల్ల విగ్గు నల్లగా తెచ్చారని ఓనరు డిపాజిట్‌లో 1200 పట్టుకుంటానన్నాడు. మీరు ఇచ్చిందే తప్పు సెట్టు అంటే, "చూసుకుని తీసుకెళ్లాలి" అన్నాడు. మాటా మాటా పెరిగింది. నేను దుర్యోధనుడి గొంతు కూడా కొంచెం వాడాను. ఆఖరికి తాత మెట్లు దిగి వచ్చి, "అక్షరం నానే రాసినాను, పోనీ" అంటే 400కి దిగాడు. తప్పు వాళ్లదైనప్పుడు ఆ 400 కూడా పట్టుకోకూడదనే ఇప్పటికీ అంటాను.

మీ ఊళ్లో నాటకం ఉంటే వెళ్లండి. సంక్రాంతికైతే నెల ముందే చెప్పుకోవాలి. తాత ఉండే వేళకి, పొద్దున పది నుంచి ఒంటిగంట మధ్యలో వెళ్లండి, వేషం కట్టేవాళ్లని వెంట తీసుకెళ్లండి. పెట్టెలు మాత్రం అక్కడే తెరిచి ఒక్కొక్కటీ చూసుకుని తాళం వేయించుకోండి.

వచ్చే పండక్కి బుక్ చేద్దామని మొన్న ఫోన్ చేశాను. మాటల్లో ఆ పాలిష్ విగ్గు ఏం చేశారని అడిగాను. భీముడి సెట్టులో పెట్టి అద్దెకిస్తున్నారట.