పెళ్లి ఫొటోల స్లైడ్ షో గ్యాలరీ: చూడటానికి హాయి, డౌన్‌లోడ్ దగ్గరే చిక్కు

మా అమ్మాయి పెళ్లి ఫొటోలను స్టూడియో వారు పెన్‌డ్రైవ్‌లో కాకుండా ఆన్‌లైన్ స్లైడ్ షో గ్యాలరీగా ఇచ్చారు. ఏడాదికి పైగా వాడాక రాస్తున్నాను కనుక లింకు, పాస్‌వర్డ్ వంటి అందరికీ తెలిసిన సంగతుల జోలికి పోవడం లేదు. నాకు మింగుడుపడనిది ఒక్కటే, స్లైడ్ షోలో ఫొటో కింద ఉండే డౌన్‌లోడ్ బటన్.

తలంబ్రాలప్పుడు మనవరాలిని చూసి మా అత్తయ్యగారు నోరారా నవ్విన ఫొటో ఒకటి ఉంది. దానిని 12×18 అంగుళాల సైజులో ఫ్రేము కట్టించాలని ఆ బటన్‌తోనే డౌన్‌లోడ్ చేసి, కోఠిలోని కలర్ ల్యాబ్‌కు తీసుకువెళ్లాను. అక్కడి అబ్బాయి దానిని పెద్దది చేసి చూపించగానే ఆవిడ ముక్కుపుడక గళ్లుగళ్లుగా విడిపోయింది, కళ్ల చివరి ముడతలు అలుక్కుపోయాయి. "ఇది తెర మీద చూసుకునే సైజమ్మా, ఒరిజినల్ తెప్పించండి" అన్నాడు. ఫైలు 2048×1365 పిక్సెళ్లే ఉంది. పొడవు వైపు 18 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 114 పిక్సెళ్లకు మించి రావు. మంచి ప్రింటుకు ల్యాబ్‌లో 300 కోరతారు.

ఒరిజినల్ కూడా అదే గ్యాలరీలో ఉందని తెలిసినప్పుడు నా కోపం తగ్గకపోగా పెరిగింది. స్లైడ్ షో నుంచి బయటికి వచ్చి, ఫొటోలన్నీ చిన్నగా వరుసలు కట్టి కనిపించే పేజీలో, మూడు చుక్కల మెనూ తెరిస్తే గానీ ఆ వీలు కనిపించదు. అలా తీసుకున్న ఫైలు 6000×4000 పిక్సెళ్లు, అంటే అదే 18 అంగుళాలకు అంగుళానికి 333. పైగా దానిలో ఫొటో తీసిన తేదీ, సమయం పదిలంగా ఉన్నాయి. స్లైడ్ షో నుంచి దిగిన ఫొటోలలో అవి చెరిగిపోవడంతో నా ఫోనులో మంగళస్నానాలు, అప్పగింతలు అన్నీ డౌన్‌లోడ్ చేసిన తేదీ కిందే కలగాపులగంగా చేరాయి.

మొదట్లో ఈ గ్యాలరీని బంధువులందరి దగ్గరా మెచ్చుకున్నాను. టీవీలో పెట్టుకుంటే ఒక ఫొటో నుంచి మరొకదానికి ఆగకుండా సాగేది, కరీంనగర్‌లోని మా ఆడపడుచు మొబైల్ డేటాతోనే అంతా చూసేసింది. ఆ మెప్పును వెనక్కి తీసుకోను. కాకపోతే ఆ వేగం చాలావరకు చిన్న సైజు ప్రతుల చలవేనని ఇప్పుడు తెలుసు. చూడటానికి చిన్న ప్రతి పెట్టడం సబబే. కానీ "ఇది చిన్న ప్రతి, ఒరిజినల్ ఫలానా చోట ఉంది" అని బటన్ పక్కన ఒక్క మాట రాయకపోవడం వాడేవారి పట్ల నిర్లక్ష్యమే.

అన్నీ ఒకేసారి జిప్ ఫైలుగా తీసుకోవచ్చు గానీ, వానకు మా కూకట్‌పల్లిలో కరెంటు పోయి నెట్ ఆగిందంటే అది మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. అందుకే నేను ఒక్కొక్క వేడుక ఆల్బమ్‌ను విడివిడిగా తీసుకున్నాను.

మా ఇంట్లో గోడ నిండా ఫ్రేములు పెట్టుకునే అలవాటు కనుక నాకు ఇది పెద్ద లోటుగా తోచింది. ఫోనులో, టీవీలో చూసుకుంటే చాలనుకునేవారికి అడ్డే కాకపోవచ్చు. మీ స్టూడియో కూడా ఇలాగే లింకు ఇస్తే, గ్యాలరీ గడువు ఎప్పటివరకో ముందే అడిగి, ఆలోగా ఒరిజినల్ ఫైళ్లను హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి.