వర్డ్‌ప్రెస్ మల్టీసైట్: సబ్‌డొమైనా, సబ్‌డైరెక్టరీనా?

ఒకే వర్డ్‌ప్రెస్‌లో నాలుగైదు సైట్లు నడపాలంటే మల్టీసైట్ ఆన్ చేస్తాం. టూల్స్ మెనూలో నెట్‌వర్క్ సెటప్ తెరవగానే ప్రశ్న ఎదురవుతుంది: 'క్రీడలు' విభాగం పేరు డొమైనుకు ముందు చుక్కతో (సబ్‌డొమైన్) రావాలా, వెనక గీతతో (సబ్‌డైరెక్టరీ) రావాలా? తర్వాత మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

సబ్‌డైరెక్టరీ సులువు. డీఎన్ఎస్ (డొమైన్ పేరును సర్వర్‌కు కలిపే వ్యవస్థ) జోలికి పోనక్కర్లేదు, ఉన్న ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్టే (సైటుకు సురక్షిత కనెక్షన్ ఇచ్చేది) సరిపోతుంది. మెలిక ఒకటే: ప్రధాన సైటులో అదే పేరుతో పేజీ ఉంటే కొత్త సైటుతో ఢీకొంటుంది. అందుకే ప్రధాన సైటు పోస్టుల లింకుల్లో 'బ్లాగ్' అనే ముక్క చేరుతుంది. నెల దాటిన పాత సైటులో మామూలుగా సబ్‌డైరెక్టరీ ఆప్షనే ఇవ్వరు. సెటప్ ఇచ్చిన రూల్స్‌ను హెచ్‌టీయాక్సెస్ అనే సర్వర్ సెట్టింగుల ఫైల్లో పాతవాటి స్థానంలో పెట్టకపోతే, కొత్త సైటు డిజైన్ లేకుండా వట్టి అక్షరాలతో కనిపిస్తుంది.

సబ్‌డొమైనుకు మూడు పనులు: డీఎన్ఎస్‌లో నక్షత్రం గుర్తుతో ఎ-రికార్డు (పేరును సర్వర్ ఐపీ చిరునామాకు కలిపేది), సర్వర్ వర్చువల్ హోస్ట్‌లో (ఏ పేరుకు ఏ సైటు చూపాలో చెప్పే సెట్టింగు) అదే నక్షత్రం, అన్ని సబ్‌డొమైన్లకూ పనికొచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ దీన్ని డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు (డొమైన్ మీదేనని రుజువు చేసే చిన్న రాత) చూశాకే ఇస్తుంది, కాబట్టి రెన్యువల్‌ను ఆటోమేట్ చేసుకోవడం మంచిది. నక్షత్రం ఒక్క మెట్టే కవర్ చేస్తుంది. 'క్రీడలు' ముందు మళ్లీ డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు తగిలిస్తే బ్రౌజర్ హెచ్చరిస్తుంది.

డేటాబేస్ పరంగా తేడా లేదు: ఎలాగైనా ప్రధాన సైటు తప్ప ప్రతి సైటుకూ నంబరున్న వేరే టేబుల్స్, యూజర్ల టేబుల్ మాత్రం అందరికీ ఒకటే. ఒకే సంస్థ విభాగాలకైతే సబ్‌డైరెక్టరీయే మేలు. వేర్వేరు క్లయింట్లకైతే సబ్‌డొమైన్, 4.5 వెర్షన్ నుంచి సైటు చిరునామా మార్చి, ప్లగిన్ లేకుండానే వాళ్ల సొంత డొమైన్ తగిలించవచ్చు.

సబ్‌డొమైన్ అసలు తెరుచుకోకపోతే డీఎన్ఎస్ చూడండి. హోస్టింగ్ వాళ్ల డిఫాల్ట్ పేజీ వస్తే వర్చువల్ హోస్ట్.